బొమ్మ మీద తుప్పు

తూముపాలెం లాకుల దగ్గర మూడో నంబరు షట్టరుకి చిల్లిపడి ఏడేళ్ళయింది. మొదటి ఏడు ఆ చిల్లిలో చూపుడువేలు పట్టేది. మూడో ఏటికి పిడికిలి పట్టింది. ఇప్పుడు పీచు తీయని కొబ్బరికాయ దూరి అవతలికి పోతోంది. ఈ ఎదుగుదలనంతా ఎప్పటికప్పుడు కొలిచి, కాగితం మీద పెట్టి పై ఆఫీసుకి పంపినవాడు లస్కరు పెచ్చెట్టి వీర్రాఘవులు. లస్కరంటే లాకుల దగ్గరే కాపురముండి, షట్టర్లు ఎత్తడం, దించడం చూసుకునే ప్రభుత్వోద్యోగి. మొత్తం పదకొండు అర్జీలు పెట్టాడు. వాటిని చదివిన ఇంజనీర్లలో ఇద్దరు రిటైరయ్యారు, ఒకాయన బదిలీ మీద మన్యంలోకి పోయాడు, ఇంకొకాయనకి కళ్ళ ఆపరేషనయింది. చిల్లి మాత్రం ఉన్నచోటే ఉండి పెరుగుతోంది.

షట్టరు దించితే కాలవలో నీళ్ళు నిలబడాలి. నిలబడితేనే పక్కనున్న పిల్లకాలవలోకి ఎక్కి శివారు పొలాలకి పోతాయి. చిల్లిలోంచి కారిపోతుంటే ఇంకెక్కడ నిలబడతాయి? శివారున మూడెకరాలు కౌలుకి చేసే ముత్యాలు రెండేళ్ళుగా నారుమడి ఎండబెట్టుకుంటున్నాడు. వీర్రాఘవులు వరసకి బావ కాబట్టి, సైకిలు తొక్కుకుంటూ వచ్చి మరీ దెప్పిపోతుంటాడు.

"ఏం బావా, మీ షట్టరు ఇంకా నోరు తెరుచుకునే ఉందా?"

"రాసేన్రా. పైనించి జవాబు రావాలి."

"వత్తాదిలే. ఈలోపు నేను వరి మానేసి నీ అర్జీలు నాటుకుంటాను. నీళ్ళక్కర్లేని పంట." ముత్యాలు నవ్వాడు గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "ఈ జూన్లో గనక నీళ్ళెక్కలేదనుకో, కౌలొదిలేసి రొయ్యల చెరువుల కాడ కాపలాకి పోతాను. వాళ్ళకి మాటిచ్చేసేను కూడాను."

ఆ మాట వీర్రాఘవులికి తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది. షట్టరు ప్రభుత్వానిదే అయినా దాని చక్రం తిప్పేది తన చెయ్యి కదా.

వేసవిలో మరమ్మతుల పేరు చెప్పి కాలవలు కట్టేస్తారు. నీళ్ళులేని కాలవ మీద లస్కరుకి పెద్దగా పనుండదు. ఆ రెండు నెలలూ వీర్రాఘవులు అరుగు మీద కూచుని బొమ్మలు చేసుకుంటాడు. పడవలు, వరికోత మిషను, ఎర్రబస్సు, అన్నీ చేశాడు. ఈ ఏడు తన లాకునే నలభయ్యో వంతు కొలతకి దించాడు. పౌడరు డబ్బా రేకుతో షట్టర్లు, పాడైపోయిన గోడగడియారాల పళ్ళచక్రాలతో గేర్లు, ఐస్‌క్రీం పుల్లలతో నడక బల్ల. ఇదంతా చెయ్యడానికి పట్టింది వారం. రంగులు ఎంచుకోవడానికి పట్టింది మూడు వారాలు.

చీర కొనడానికి వెళ్ళినప్పుడు ఆయన భార్య బుల్లిమంగ కూడా అన్ని కొట్లు ఎక్కలేదు. ఎనామిలు రేకుని గట్టిగా పట్టుకుంటుంది, కాని ఆరడానికి రెండు రోజులు తీసుకుని ఈలోపు ఊళ్ళో దోమలన్నింటినీ తనలో కలిపేసుకుంటుంది. అక్రిలిక్ అరగంటలో ఆరుతుంది, కుంచె నీళ్ళతో కడిగేసుకోవచ్చు, కాని కింద ప్రైమరు లేకపోతే గోరు తగిలితే చాలు పొరలా లేచొచ్చేస్తుంది. అందుకని బూడిదరంగు ప్రైమరు మంచుపడ్డంత పల్చగా కొట్టి, దాని మీద అక్రిలిక్ మూడుసార్లు నీళ్ళపాలలా వేశాడు. ఒక్కసారే చిక్కగా వేస్తే సన్నటి పనంతా రంగు కింద పూడిపోతుంది. ఆఖరున మెరుపులేని వార్నీషు. మెరిసే వార్నీషు వేస్తే ఎంత గొప్ప పనైనా తిరనాళ్ళలో కొన్న బొమ్మలాగే ఉంటుంది. మెరుపు చంపేస్తేనే కన్ను మోసపోయి నిజమనుకుంటుంది.

చిక్కంతా మూడో షట్టరు తుప్పు దగ్గర వచ్చింది. గోధుమరంగులో నారింజ కలిపితే మామిడితాండ్రలా వచ్చింది. ఇటికపొడి జల్లితే పాతగోడలా తయారైంది. చివరికి ఇలా కాదని, కాలవలోకి దిగి అసలు షట్టరు మీద తుప్పే రెండు చెంచాలు గీక్కొచ్చాడు. బుల్లిమంగ చేత దంపించి, వాయిలు చీర ముక్కలో జల్లించి, తడి వార్నీషు మీద కుంచెతో అద్దాడు. మేకుతో పొడిచి చిల్లి కూడా పెట్టాడు.

"అసలుదానికి రంగెయ్యరు, నువ్వేమో బొమ్మకి తుప్పేత్తన్నావు," అంది బుల్లిమంగ. "మీ డిపార్ట్‌మెంటంతా ఇంతేనా?"

"ఉన్నది ఉన్నట్టుండాలే."

ఉన్నది ఉన్నట్టే ఉంది. కాలవ చూడ్డానికి వచ్చిన ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, హైమ మేడం ఆ బొమ్మని చూసి ముచ్చటపడి, జలవారోత్సవాల ప్రదర్శనకని జీపులో పెట్టుకుని టౌన్లో సర్కిలు ఆఫీసుకి తీసుకుపోయింది. వెంట వీర్రాఘవులు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

సర్కిలంతటికీ పెద్ద ఇంజనీరు, ఎస్.ఇ. చక్రధర్ గారు. ఆయన బొమ్మ ముందు వంగి చాలాసేపు చూశారు.

"ఏమిటిది?"

"తూముపాలెం లాకు నమూనా సార్," అంది హైమ.

"అది కాదమ్మా. ఈ ఎర్రగా ఉన్నది."

"తుప్పండి," అన్నాడు వీర్రాఘవులు.

"శాఖ ఆస్తి మీద తుప్పా?" ఆయన గొంతులో నిజమైన బాధే పలికింది. "ఎన్నాళ్ళ నుంచి ఈ దురవస్థ?"

"బొమ్మ మీదైతే పోయిన మంగళవారం నించండి. లాకు మీదైతే ఏడేళ్ళ..."

"లాకు ప్రస్తుతం చర్చనీయాంశం కాదు. లాకుని చూడ్డానికి ఎవరొస్తారయ్యా తూముపాలెం? ప్రజాప్రతినిధులు, పత్రికలవారు చూసేది నమూనాని. శాఖ ప్రతిష్ఠ ఉన్నది నమూనాలో."

పదకొండు అర్జీలకి ఏడేళ్ళలో కదలని ఆఫీసు, రెండు చెంచాల తుప్పుకి మూడో రోజున కదిలింది. నమూనాపై తుప్పు ఏర్పడుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెనని వీర్రాఘవులికి మెమో వచ్చింది. ఆయన దాపరికం ఎరగని మనిషి. అది పట్టిన తుప్పు కాదని, తాను పట్టించిన తుప్పని, మూడో షట్టరు నుంచి గీకి తెచ్చానని రాసిచ్చాడు.

దాంతో రెండో మెమో వచ్చింది. "శాఖకు చెందిన తుప్పును అధికారుల అనుమతి గాని, తూకపు పత్రము గాని లేకుండా గీకి, స్వగృహమునకు తరలించి, రోటిలో దంచి, వస్త్రగాళితము గావించి, స్వీయ వినోదార్థము వినియోగించుట తీవ్రముగా పరిగణించబడినది."

బుల్లిమంగ అది చదివించుకుని, "దంచింది నేనని మాత్రం రాయకు," అంది. "మా పుట్టింట్లో ఎవరికీ మెమోలు రాలేదు."

తుప్పు దొంగతనం విచారణలో ఉండగానే, తుప్పు సంగతి తేల్చడానికి నమూనాల పరిరక్షణ కమిటీ వేశారు. ఎస్.ఇ. గారే అధ్యక్షులు. కమిటీ బొమ్మ చుట్టూ కూచుని, భూతద్దంతో తుప్పుని ఒకరి తర్వాత ఒకరు చూసి, శాఖ నిబంధనావళి తెప్పించింది. ఇనుప షట్టర్లకి రంగు వెయ్యడం గురించి అందులో పేజీన్నర ఉంది. గాలి మిషనుతో ఇసుక కొట్టి తుప్పు రాల్చాలి. రెండు పూతలు రెడ్ ఆక్సైడు వెయ్యాలి. ఆ పైన రెండు పూతలు మెరిసే అల్యూమినియం పెయింటు. ఒక్కో పూతా ఇంత మందానికి తగ్గకూడదు.

"అయ్యా, తమరు ఏవనుకోకపోతే," అన్నాడు వీర్రాఘవులు చేతులు కట్టుకుని. "బొమ్మకి రంగు మందం కూడా బొమ్మకి తగ్గట్టే ఉండాలండి. ఆ గేరు పళ్ళ మధ్య సందు చీమ తలంత. అందులో లాకుకేసినంత రంగు పోత్తే పూడిపోద్దండి."

"నిబంధనలో కొలతల నిష్పత్తి ప్రస్తావన ఉందా?" అని అడిగారు ఎస్.ఇ. గారు హైమని.

"లేదు సార్."

"లేనిదాన్ని మనం ఊహించుకోరాదు."

"పోనీ ఆ మెరుపన్నా వొద్దండి. మెరిత్తే నిజంలా ఉండదండి."

ఎస్.ఇ. గారు కళ్ళజోడు తీసి ఆయన వంక జాలిగా చూశారు. "ప్రభుత్వం నిజంలా ఉండనక్కర్లేదయ్యా. మెరిస్తే చాలు."

ఉత్తర్వు వెలువడింది. శాఖ అధీనములోని నమూనాలన్నింటికీ, అవి ఏ నిష్పత్తిలో నిర్మించబడినవైనను, తుప్పు తొలగించి, చిల్లులు పూడ్చి, నిబంధనల మేరకు రంగులు వేయవలెను. ఇది అత్యవసరము.

నాలుగో రోజున సర్కిలు ఆఫీసు వరండాలోకి కాంట్రాక్టరు మనుషులు ఆరుగురు దిగారు. సరుగుడు బాదులు, తాళ్ళు, గాలి మిషను, బస్తాల్లో ఇసుక, నాలుగు డ్రమ్ముల రంగు దింపారు. నెత్తిన పసుపు టోపీ పెట్టుకున్న మేస్త్రీ చుట్టూ చూశాడు.

"లాకెక్కడండి?"

"ఆ టేబులు మీద," అంది హైమ.

మేస్త్రీ టేబులు దగ్గరికెళ్ళి బొమ్మని చూశాడు. వంగి టేబులు కింద కూడా చూశాడు, అసలు లాకు అక్కడేమైనా ఉందేమోనని. "మరి పరంజా ఎక్కడ కట్టమంటారండి?"

"అంచనాలో ఉంది కాబట్టి కట్టాలి."

టేబులుకి నాలుగువైపులా బాదులు నిలబెట్టి పరంజా కట్టారు. ఒకడు దాని మీదికెక్కి, చెయ్యడానికి ఏమీ కనపడక దిగొచ్చేశాడు. గాలి మిషను ఒక్కసారి బుస్సుమనేసరికి ఐస్‌క్రీం పుల్లల నడక బల్ల ఎగిరి పక్క సెక్షనులో హెడ్డుగుమాస్తా టీలో పడింది. తర్వాత నాలుగంగుళాల బ్రష్షుతో నిబంధనల ప్రకారం నాలుగు పూతలూ పూశారు. ఆ బ్రష్షు ఒక్క వేటుకి లాకంతా అయిపోతోంది. మందం చాలలేదని ఒకచోట ఇంకాస్త పోశారు.

ఆరాక చూస్తే, వెండిరంగు జీళ్ళపాకం ముద్దలా ఉంది. గేర్లకి పళ్ళు లేవు. నాలుగు షట్టర్లూ కలిసి ఒక్కటే అయ్యాయి. వీర్రాఘవులు వేలితో చక్రాన్ని తిప్పబోయాడు. కదల్లేదు. మూడు వారాలు ఊపిరి బిగపట్టి వేసిన పల్చటి పూతలు ఆ ముద్ద లోపల ఎక్కడో ఉన్నాయి. ఆయన పక్కకి తిరిగి నిలబడ్డాడు.

ఎస్.ఇ. గారు మాత్రం ఎంతో తృప్తిగా ఉన్నారు. "ఇప్పుడు తుప్పేదీ?"

"లేదండి."

"చిల్లేదీ?"

"పూడిపోయిందండి."

"చూశావా. ఏడేళ్ళుగా నువ్వు రాస్తూ వచ్చిన సమస్యని శాఖ ఏడు రోజుల్లో పరిష్కరించింది."

ఆ సాయంత్రమే ధ్రువపత్రం తయారైంది. నమూనాను కమిటీ ప్రత్యక్షముగా పరిశీలించినదని, తూముపాలెం మూడో షట్టరుకు తుప్పు గాని, చిల్లి గాని లేవని, పదకొండు అర్జీలూ పరిష్కృతమైనవిగా భావించి మూసివేయడమైనదని. ఇకపై సదరు షట్టరు నుండి నీరు కారినచో, బాగున్న షట్టరును పాడుచేసిన బాధ్యత లస్కరుపైనే ఉంచి తగు చర్య తీసుకొనబడును.

జూన్ పదిహేనుకి కాలవలు వదులుతారు. ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇంటికొచ్చాక వీర్రాఘవులు రెండు పూటలు ముసుగుతన్ని పడుకున్నాడు. మూడో పూట అరుగు మీద కూచుని ఉత్తర్వు తీసి చదివాడు. మళ్ళీ చదివాడు. ముచ్చటగా మూడోసారి చదువుతూ 'ఏ నిష్పత్తిలో నిర్మించబడినవైనను' అన్నచోట వేలు పెట్టి ఆగిపోయాడు. లోపలికెళ్ళి తెల్లకాగితం, పెన్ను తెచ్చుకున్నాడు.

"మళ్ళీ అర్జీయా?" అంది బియ్యం ఏరుతున్న బుల్లిమంగ. "చెయ్యి నొప్పెట్టదా నీకు?"

"ఇది అర్జీ కాదే. లెక్క చెప్తన్నాను. నా అధీనంలో ఇంకో బొమ్మ ఉందని."

"ఏ బొమ్మ? బస్సా?"

వీర్రాఘవులు రాసింది పైకి చదివాడు. "నమూనా: తూముపాలెం లాకు. నిష్పత్తి: ఒకటికి ఒకటి. నిర్మాణ వస్తువు: ఇనుము, రాయి. స్థితి: తుప్పు పట్టినది. మూడో షట్టరుకు కొబ్బరికాయ పరిమాణమున చిల్లి గలదు. ఆరుబయట నిలిపి ఉన్నది."

బుల్లిమంగ చేట కింద పెట్టింది. "అది నిజం లాకు కదయ్యా."

"నిజం లాకని పదకొండుసార్లు రాసేను. ఎవడూ నమ్మలేదు. బొమ్మ అని రాసి చూద్దారి."

ఆ కాగితం పట్టుకుని సెక్షను ఆఫీసుకెళ్తే హైమ మేడం చదివి, తలెత్తి ఆయన్ని చూసి, మళ్ళీ చదివింది.

"రాఘవులుగారూ, ఇందులో..."

"అబద్ధం ఏదన్నా ఉంటే కొట్టెయ్యండి మేడం. లాకుకీ దానికీ ఒకటికి ఒకటి పోలిక లేదంటారా?"

ఆవిడ పెన్ను కాగితం మీద కాసేపు ఊగింది. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది కాబట్టి పై ఆఫీసు తీరు ఆవిడకీ కొంత తెలుసు. పరిశీలనార్థం పై అధికారులకు సమర్పించడమైనది అని రాసి సంతకం పెట్టేసింది. పెట్టాక కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

సర్కిలు ఆఫీసులో కలకలం లేచింది. ఎస్.ఇ. గారు ఫోన్లోనే కేకలేశారు. "అంత పెద్ద నమూనాని ఎండకీ వానకీ వదిలేశారా? ఎవరా అలసత్వం ప్రదర్శించింది? రేపు పత్రికలవాళ్ళు చూస్తే? చిల్లి పూడ్చడానికి ఎంత రేకు కావాలో అంతా మంజూరు చెయ్యండి. రంగులో ఏ మాత్రం రాజీ వద్దు."

మూడో రోజుకి అదే మేస్త్రీ, అదే ఆరుగురు తూముపాలెంలో దిగారు. ఎండిన కాలవలోకి దిగి మేస్త్రీ లాకుని కిందినుంచి పైదాకా చూశాడు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"హమ్మయ్య. ఈ బొమ్మ బాగా చేసేరండి," అన్నాడు.

పరంజా ఎక్కినవాడికి పైన చెయ్యడానికి పని కనపడింది. ఇసుక కొడితే రాలవలసింది రాలింది. చిల్లికి లోపలా బయటా ఇనప పలక పెట్టి వెల్డింగు చేశారు. రెడ్ ఆక్సైడు మొదటి పూత వేసిన పూటే రెండోది వేసేసి పోదామని మేస్త్రీ తొందరపడితే, వీర్రాఘవులు బొటనవేలు ఆనించి చూసి ఒప్పుకోలేదు.

"చల్లగా తగులుతోంది. లోపల ఆరలేదు. రేపు ఎయ్యి."

"అంత పట్టింపేంటండి, నమూనాయే కదా."

"నమూనా కాబట్టే."

పేజీన్నర నిబంధనలూ, పూతల మందంతో సహా, ఆ లాకుకి అతికినట్టు సరిపోయాయి. పని ముగిశాక సర్కిలు ఆఫీసు నుంచి ఒక బోర్డు వచ్చింది. నమూనాను తాకరాదు, తడి తగలనీయరాదు అని రాసుంది. దాన్ని గేరు చక్రానికి కట్టమన్నారు. కట్టాడు.

జూన్ పదిహేనున కాలవలు వదిలారు. పదహారు మధ్యాన్నానికి ఎర్రనీళ్ళు చెత్తనీ, తాటాకుల్నీ తోసుకుంటూ తూముపాలెం చేరాయి. తడి తగలనీయరాదన్న సంగతి నీళ్ళకి ఎవరూ చెప్పలేదు. వీర్రాఘవులు బోర్డు విప్పి గోడవార పెట్టి, చక్రం పట్టుకుని తిప్పాడు. మూడో షట్టరు నెమ్మదిగా దిగి అడుగున కూచుంది. వంగి అవతలివైపు చూశాడు. చుక్క లేదు. ఇవతల నీళ్ళు బెత్తెడు లేచాయి, జానెడు లేచాయి, పిల్లకాలవ గడప తాకి, ఒక్కక్షణం తటపటాయించి, లోపలికి తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే ముత్యాలు సైకిలు మీద వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. సైకిలుకి స్టాండు కూడా వెయ్యకుండా గట్టున పడేశాడు.

"ఎక్కినయ్యి బావా. నా మళ్ళోకి ఎక్కినయ్యి. రొయ్యలోళ్ళకి కబురెట్టేసేను, వేరేవోణ్ణి చూసుకోమని."

"నారు పోసేవా?"

"పొయ్యకుండా నీ కాడికి వత్తానేంటి."

ఇద్దరూ లాకు ఇనప నడక బల్ల మీద కూచుని టీ తాగుతుండగా తపాలా వచ్చింది. సర్కిలు ఆఫీసు కవరు. వీర్రాఘవులు చదివి ముత్యాలు చేతికిచ్చాడు. ముత్యాలు కూడబలుక్కుంటూ చదివాడు.

"వార్షిక ఆస్తుల తనిఖీలో భాగముగా రికార్డులు పరిశీలించగా, తూముపాలెమునందు లాకు ఒకటి, నమూనాలు రెండు ఉండవలసి ఉన్నది. నమూనా ఒకటి సర్కిలు కార్యాలయమునందును, రెండవది తూముపాలెమునందును భద్రముగా ఉన్నవి. లాకు కానరాలేదు. నూట ఇరవై అడుగుల పొడవు గల సదరు లాకు ఎప్పుడు, ఎవరి అనుమతితో, ఏ వాహనముపై తరలించబడినదో, ప్రస్తుతము మీ గృహమునందు గాని, బంధువుల గృహములందు గాని ఉన్నదేమో, మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. లేనియెడల సస్పెండు చేయబడుదురు."

ముత్యాలు కాగితం మడిచి, బల్ల కింద సుడి తిరుగుతున్న నీళ్ళని చూశాడు. బల్లని అరచేత్తో ఒకసారి చరిచి చూశాడు. ఖణేల్‌మంది.

"బంధువులంటే నేనేగా బావా. మా పాకలో ఎతికినా ఇబ్బంది లేదు గానీ, నీకిప్పుడు ఉద్యోగం పోద్దా ఏంటి? బొమ్మ కాదు, నిజం లాకేనని రాసెయ్యి."

"అలా రాత్తే బొమ్మకని ఇచ్చిన రేకూ, రంగూ వెనక్కిమ్మంటారు. గీక్కుపోడానికి మళ్ళీ అదే మేస్త్రీ వత్తాడు."

"మరేం రాత్తావు?"

వీర్రాఘవులు టీ గ్లాసు పక్కన పెట్టి, మోకాలి మీద కాగితం ఆనించుకుని, తొందరేమీ లేనట్టు రాశాడు.

"అయ్యా, లాకు కోసం వెతకవలసి ఉన్నది. ప్రస్తుతం కాలవ నిండుగా పారుతున్నందున అడుగుకు దిగి చూచుటకు వీలు కాదు. వచ్చే వేసవిలో కాలవలు కట్టిన పిమ్మట వెతికి, దొరికినచో తమకు మనవి చేసుకొనగలను. అందాకా శివారు రైతులకు ఇబ్బంది రానీయకుండా, నమూనాతోనే ఎలాగో నెట్టుకొస్తున్నాను."